పేరు చెరిపేసిన పాత గిటార్: విప్పి, బాగుచేసి, వాయించాక

ముందే చెప్పేస్తాను. చవకలో దొరికే పాత ఎలక్ట్రిక్ గిటార్ కొనొచ్చు, నెక్ (చేత్తో పట్టుకునే పొడవాటి కాడ) బాగుంటే. నెక్ బాగోలేకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

నా చేతికొచ్చింది స్ట్రాటోకాస్టర్ ఆకారంలో ఉన్న గిటార్. అసలు స్ట్రాటోకాస్టర్‌ని ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చింది. అప్పటినుంచి ఆ ఒంపుల్ని ఎంతమంది కాపీ కొట్టారో లెక్కలేదు. ఇది ఎవరి కాపీయో మాత్రం చెప్పలేను, ఎందుకంటే హెడ్‌స్టాక్ (నెక్ చివరుండే తల) మీదున్న పేరుని పాత ఓనర్ శాండ్‌పేపర్‌తో గీకేశాడు. అక్కడ ఇంకేదో పెద్ద పేరున్న స్టిక్కర్ అంటిద్దామనుకుని మధ్యలో బద్ధకించి ఉంటాడని నా అనుమానం. పోనీలెండి, నాకు మంచిదే అయింది. పేరు కనపడితే వాయించకముందే ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది.

అమ్మకం ప్రకటనలో "కొత్తదానిలా ఉంది, పెద్దగా వాడలేదు" అని ఉంది. వెళ్లి చూస్తే తీగలు తుప్పు పట్టి గోధుమరంగులోకి తిరిగాయి. టోన్ నాబ్ ఒకటి ఊడిపోయి ఉత్త కాడ మిగిలింది. వైబ్రటో ఆర్మ్ (స్వరాన్ని ఊపే కడ్డీ) లేదు. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) వేలితో తిప్పితే గిరగిరా తిరుగుతోంది. బాడీ వెనకాల బెల్ట్ బకిల్ గీతలు. అయినా సరే, అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. తీగలు పక్కకి జరిపి ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు) చూశాను. వాటిమీద అరుగుదల లేదు. రోజూ వాయించిన గిటార్‌కి మొదటి మూడు ఫ్రెట్ల మీద, సన్న తీగల కింద చిన్న చిన్న గుంటలు పడి తీరతాయి. దీనికి పడలేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో చూడగానే కారణం అర్థమైంది. అంత ఎత్తున్న తీగని నొక్కి ఎవరు వాయిస్తారు? కొన్నతను నాలుగు రోజులు వేళ్లు నొప్పెట్టించుకుని, గిటార్ తన వల్ల కాదనుకుని, మూలన పడేసి ఉంటాడు.

అందుకే ప్రకటనల్లో "వాడలేదు" అన్న మాట నాకు భలే ఇష్టం. చాలాసార్లు దాని అర్థం సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు లాంటి సర్దుబాట్లు) బాగోలేదని. సెటప్ బాగుచేసుకోవచ్చు. మంచి సెటప్‌తో బాగా వాయించి అరగదీసిన చవక గిటార్‌కన్నా, వాయించడానికి వీల్లేక మూలన పడున్న చవక గిటారే మంచి బేరం.

కొనేముందు నేను చూసేది పెద్దగా ఏమీ ఉండదు. గిటార్‌ని కంటి దగ్గర పెట్టుకుని, హెడ్‌స్టాక్ వైపునుంచి నెక్ అంచు వెంబడి చూస్తాను. కొంచెం ముందుకి వంగి ఉంటే పర్వాలేదు, లోపలున్న ట్రస్ రాడ్ (వంపు సరిచేసే లోహపు కడ్డీ) దానికోసమే. ఒక అంచు ఒకలా, రెండో అంచు ఇంకోలా వంగి నెక్ మెలిక తిరిగి ఉంటే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయడమే. ట్రస్ రాడ్ ఆ మెలికని తీయలేదు. రెండోది, అమ్మేవాళ్లని అడిగి ట్రస్ రాడ్ నట్‌ని అలెన్ కీతో కాస్త కదిపి చూస్తాను. కదిలితే చాలు. ఇప్పటికే ఎవరో చివరిదాకా బిగించేసి ఉంటే, లేదా నట్ అంచులు అరిగి కీ జారిపోతుంటే, ఆ గిటార్ జోలికి పోను. ఆంప్‌కి (యాంప్లిఫయర్) పెట్టినప్పుడు గరగరలు, జాక్ దగ్గర సౌండ్ వచ్చిపోవడం, పని చెయ్యని స్విచ్, ఇవన్నీ బేరం ఆడటానికి పనికొచ్చేవే తప్ప భయపడాల్సినవి కావు. ఈ గిటార్‌లో అవన్నీ ఉన్నాయి. నెక్ మాత్రం శుభ్రంగా ఉంది.

చవక గిటార్‌కీ ఖరీదైనదానికీ తేడా ఎక్కడుందో విప్పి చూస్తే తెలుస్తుంది. బాడీ ఆకారం, నెక్ ఆకారం, ఫ్రెట్లు కూర్చునే గాడి, ఇవన్నీ ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే మెషిన్లే కోస్తాయి. ఫ్రెట్ల మధ్య దూరం చవకదాంట్లోనూ సరిగ్గానే ఉంటుంది. తీగ నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే ముక్క, ట్రస్ రాడ్ నట్ కాదు) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దాకా 648 మిల్లీమీటర్లు, పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో 324 దగ్గర. స్కేలు పెట్టి కొలిచాను, తేడా లేదు. మరి డబ్బు ఎక్కడ మిగుల్చుకుంటారు? కొంత సామాను దగ్గర: పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పే కంట్రోళ్లు), ట్యూనర్లు (తీగ బిగించే మరలు), బ్రిడ్జ్ లోహం. ఎక్కువ మిగిలేది మనిషి చేతిపని దగ్గర. ఫ్రెట్ చివర్లు గుండ్రంగా రుద్దడం, నట్ గాడి తీగకి సరిపోయేలా లోతు చేయడం, తీగల ఎత్తు సరిచూడటం, ఇవి టైము తినే పనులు. మెషిన్ మీద నుంచి దిగాక ఒక మనిషి కూర్చుని చేయాలి. చవక గిటార్ మీద ఆ మనిషి ఎక్కువసేపు కూర్చోడు. ఆ మిగిలిపోయిన పని మనం ఇంట్లో చేసుకోవచ్చు. పనిముట్ల ఖర్చు ఉంటుంది గానీ మిగతాదంతా ఓపికే.

మొదట ఫ్రెట్ చివర్ల సంగతి. అరచేతిని నెక్ అంచు మీద పెట్టి పైనుంచి కిందికి జరిపితే రంపం పళ్ల మీద జరిపినట్టుంది. గాలిలో తేమ తగ్గినప్పుడు ఫ్రెట్‌బోర్డ్ చెక్క కొంచెం ఎండి కుంచించుకుంటుంది. లోహం కుంచించుకోదు కాబట్టి ఫ్రెట్ చివర్లు అంచుదాటి బయటికి పొడుచుకొస్తాయి. బాడీకి, నెక్ పక్కలకి, పికప్‌లకి (తీగ కదలికని కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతపు భాగాలు) మాస్కింగ్ టేప్ వేశాను. చదునైన ఆకురాయిని నెక్ అంచుకి సమాంతరంగా పెట్టి, బరువు వెయ్యకుండా, పొడవాటి చేతి విసురుతో రుద్దాను. చప్పుడు వింటూ ఉండాలి. మొదట్లో టకటకమని ఒక్కో ఫ్రెట్ తగులుతున్న చప్పుడు వస్తుంది. అన్నీ ఒక వరసలోకి వచ్చేసరికి అదే సన్నగా, ఏకధాటిగా సర్రుమంటుంది. అక్కడ ఆపేయాలి. తర్వాత ఆకురాయిని వంచి పట్టుకుని పై అంచులకి కొంచెం వాలు ఇచ్చి, చివరగా ఒక్కో ఫ్రెట్ చివరకీ ఉండే రెండు మూలల్నీ చిన్న ఆకురాయితో మొద్దు చెయ్యాలి. ఈ మూలల పని ఉందే, అదీ సహనపరీక్ష. 21 ఫ్రెట్లు, ఒక్కోదానికి నాలుగు మూలలు, అంటే 84. రేడియో పెట్టుకుని కూర్చోవడమే.

ఫ్రెట్ల ఎత్తు చూడటానికి మూడు ఫ్రెట్ల మీద ఆనేంత పొట్టి స్టీలు బద్ద ఒకటి చాలు. మూడింటి మీదా పెట్టి నొక్కినప్పుడు టిక్కుటిక్కుమని ఊగితే మధ్యది ఎత్తుగా ఉన్నట్టు. నాకు పన్నెండు దాటాక ఒకచోట ఊగింది. అక్కడ తీగని పక్కకి తోసి సాగదీస్తే స్వరం ఠక్కున చచ్చిపోతోంది. ఆ ఫ్రెట్ సరిగ్గా కూర్చోక పైకి లేచిందేమోనని ముందు చెక్కముక్క అడ్డంపెట్టి మెల్లగా సుత్తితో తట్టి చూశాను. కదల్లేదు, అంటే నిజంగానే ఎత్తు. దాని నెత్తిన మార్కర్‌తో నల్లగా పూసి, చదునైన బద్దకి 400 నంబర్ శాండ్‌పేపర్ అంటించి రుద్దుతూ వెళ్లాను. నలుపు ఎక్కడ పోతోందో అక్కడే లోహం తగ్గుతోందని లెక్క. ఎత్తు సమానమయ్యాక ఫ్రెట్ నెత్తి చదునుగా అయిపోతుంది. దాన్ని మళ్లీ గుండ్రంగా చెయ్యకపోతే తీగ ఆ చదును మీద ఆని జివ్వుమంటుంది, శృతి కూడా ఖచ్చితంగా పలకదు. మొత్తం నెక్‌కి ఈ పని చేయాల్సి వస్తే నేనైతే రిపేరు చేసేవాళ్ల దగ్గరికే వెళ్లేదాన్ని. ఒక్క ఫ్రెట్టే కాబట్టి సరిపోయింది.

మెరుగు పెట్టడానికి చాలామంది స్టీల్ ఊల్ వాడమంటారు. నా మాట విని వాడకండి. సన్నని ఇనుప పోగులు రాలి పికప్ అయస్కాంతాలకి అతుక్కుంటాయి, వాటిని ఏరడం మళ్లీ ఓ పని. 1000, 2000 నంబర్ శాండ్‌పేపర్, తర్వాత లోహానికి వాడే పాలిష్ ఒక చుక్క, చాలు. ఫ్రెట్ తీగ రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. ఎర్రగా తుప్పు పట్టదు గానీ మసకబారుతుంది, ఆ మసక మీద తీగ సాగదీస్తే గరగరలాడుతుంది. మెరుగు పెట్టాక అదే తీగ వెన్నలా జారుతుంది అని రాయాలనిపిస్తోంది గానీ అంత సీన్ లేదు. జారుతుంది, అంతే.

ఇక నట్. నన్నడిగితే ఈ గిటార్‌లో అన్నిటికన్నా ఘోరంగా ఉన్నది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే ఆ చిన్న తెల్ల ప్లాస్టిక్ ముక్కలో ఆరు గాళ్లుంటాయి. ఫ్యాక్టరీలో వాటిని భయం భయంగా, పైపైన కోసి వదిలేస్తారు. లోతు ఎక్కువైతే నట్ పారేయాలి, తక్కువైతే కొనేవాళ్ల వేళ్లే నొప్పెడతాయి కదా! దీన్ని కనుక్కోవడం తేలిక. తీగని రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ నెత్తికీ తీగకీ మధ్య ఎంత సందు ఉందో చూడాలి. కాగితం దూరేంత ఉంటే సరి. నా గిటార్‌లో లావు తీగ కింద అట్టముక్క దూరింది. అలాంటప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర తీగని నొక్కడానికి బలం కావాలి, నొక్కినప్పుడు తీగ సాగి స్వరం పైకి పోతుంది. ఓపెన్ (నొక్కకుండా వదిలిన) తీగలు శృతి చూసే మీటర్లో చక్కగా శృతిలో ఉంటాయి, మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టుకోగానే మాత్రం అంతా అపశ్రుతి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చెవినీ వేళ్లనీ తిట్టుకుంటారు. తప్పు ఆ ప్లాస్టిక్ ముక్కది.

నట్‌కోసం తీగ మందానికి తగ్గ ప్రత్యేకమైన ఆకురాళ్లుంటాయి. సెట్ ఖరీదు ఇలాంటి గిటార్ ఖరీదుతో పోటీ పడుతుంది. నేను గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గుండ్రటి సన్న ఆకురాళ్ల కట్ట వాడాను. చాకులా మడిచి పెట్టుకోవచ్చు, రకరకాల మందాల్లో ఉంటాయి, చాలా చవక. తీగని వదులు చేసి పక్కకి తప్పించి, గాడిలో నాలుగైదుసార్లు రుద్ది, మళ్లీ తీగ పెట్టి శృతి చేసి, సందు చూడాలి. మళ్లీ తప్పించాలి, మళ్లీ రుద్దాలి. విసుగొచ్చి ఒకేసారి ఎక్కువ రుద్దితే గాడి లోతైపోయి ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి జివ్వుమంటుంది. ఆకురాయిని హెడ్‌స్టాక్ వైపు కొంచెం కిందికి వాల్చి పట్టుకోవడం మర్చిపోకూడదు. గాడి వాలుగా ఉంటేనే తీగ ఫ్రెట్‌బోర్డ్ వైపు అంచు మీద ఖచ్చితంగా ఆనుతుంది, లేకపోతే సితార్ లాగా మోగుతుంది. అయ్యాక పెన్సిల్ ముల్లుని గాళ్లలో గట్టిగా రుద్దాను. గ్రాఫైట్ వల్ల తీగ పట్టేయకుండా జారుతుంది. తీగ సాగదీశాక శృతి తప్పితే అందరూ ట్యూనర్లని తిడతారు గానీ చాలామటుకు దొంగ ఇక్కడే ఉంటుంది.

దీని తర్వాత ట్రస్ రాడ్. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్) పెట్టి, నెక్ బాడీలోకి కలిసే చోట తీగని నొక్కితే ఆ తీగే స్కేలు. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు దాదాపు పావు మిల్లీమీటర్ ఉండాలి. నాది దానికి మూడింతలు ఉంది. తీగలు కాస్త వదులు చేసి, రాడ్ నట్‌ని కుడివైపుకి పావు చుట్టు బిగించి, మళ్లీ శృతి చేసి చూడటం. ఒక్కసారిగా లాగించేసే పని కాదిది, చెక్క కుదురుకోవడానికి ఒక రాత్రి ఇస్తే మంచిది. నెక్ తిన్నగా అయ్యాక బ్రిడ్జ్ దగ్గర శాడిల్స్ (తీగలు ఆనే చిన్న దిమ్మెలు) దించాను. స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి, తుప్పు వదిలించే నూనె చుక్క వేసి మర్నాటిదాకా వదిలేస్తే కదిలాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ 2 మిల్లీమీటర్లు, సన్న తీగ 1.6 పెట్టుకున్నాను. ఇంకా దించొచ్చు గానీ నేను కార్డులు గట్టిగా కొడతాను, మరీ దించితే మోత వస్తుంది.

వైబ్రటో బ్రిడ్జ్ గురించి ఎక్కువ రాయను. ఆర్మ్ లేదు, నాకు అక్కర్లేదు. వెనక ప్లేట్ విప్పి స్ప్రింగుల కొక్కెం స్క్రూలు బిగించి బ్రిడ్జ్‌ని బాడీకి ఆనించేశాను. దాంతో శృతి నిలకడ సగం బాగుపడింది. తీగలు 9 నుంచి 42 సెట్ (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేశాను. ఈ పొడవు నెక్ మీద మామూలు శృతిలో ఆరు తీగలూ కలిసి దాదాపు 39 కిలోల బలంతో లాగుతాయి. 10 నుంచి 46 సెట్ అయితే అది 47 దాకా వెళ్తుంది. సెట్ మారిస్తే నెక్ వంపు, స్ప్రింగులు, ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్లలోనూ శృతి సరిగ్గా పలకడం), అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. కాబట్టి ముందు తీగలు ఏవో తేల్చుకుని, తర్వాతే సెటప్ మొదలుపెట్టండి.

ఈ దశలో మా తమ్ముడు వచ్చాడు. వాడు బ్యాండ్‌లో వాయిస్తాడు, నేను ఇంట్లో వాయిస్తాను, అందుకని గిటార్ల విషయంలో వాడికి నా మీద కాస్త జాలి. టేబుల్ మీద పరిచిన ముక్కల్ని చూసి, "అక్కా, ముందు ఆ పికప్‌లు పీకి పారేయ్, మంచివి వేద్దాం" అన్నాడు. నేను వద్దన్నాను. వాడు వెంటనే రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ మాట తెచ్చాడు. ఫ్యాక్టరీవాళ్లు లోపముందని పక్కన పెట్టిన స్ట్రాట్ బాడీకి గిబ్సన్ కంపెనీ హంబకర్ (రెండు చుట్టల పికప్) బిగించుకుని ప్రపంచాన్ని ఊపేశాడు కదా అని. నిజమే. కానీ ఆయనకి ఏ సౌండ్ కావాలో ముందే తెలుసు, ఏ పికప్ ఇస్తుందో కూడా తెలుసు. నాకు ఇప్పుడున్న పికప్‌లు ఎలా పలుకుతాయో కూడా ఇంకా తెలీదు. ముందు వీటిని విననీ అన్నాను.

లోపల చూస్తే నిజంగానే పొదుపుగా ఉంది. పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక) కింద బాడీని ఏ పికప్ అయినా పట్టేలా ఒకటే పెద్ద గొయ్యిగా తవ్వేశారు. పాట్లు చిన్న సైజువి. పికప్‌ల కింద సిరామిక్ అయస్కాంతపు బద్దలు అతికించి ఉన్నాయి, పైకి కనపడే గుండ్లు ఉత్త ఇనుము. ఖరీదైన సింగిల్ కాయిల్స్‌లో (ఒకే చుట్ట ఉన్న పికప్‌లు) ఆ గుండ్లే అయస్కాంతాలు. గరగరలకి పాట్లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముందుకీ వెనక్కీ తిప్పితే పోయింది. జాక్ నట్ కింద పళ్ల వాషర్ వేసి బిగించాను. ఒక్కటే అసలైన జబ్బు: ఆంప్ పెట్టగానే గుయ్‌మని హోరు. మామూలుగా తీగల మీద చెయ్యి వేస్తే ఆ హోరు తగ్గాలి. ఇక్కడ తగ్గట్లేదు. అంటే తీగలకీ గ్రౌండ్‌కీ సంబంధం తెగిపోయిందన్నమాట. వెనక స్ప్రింగుల కొక్కేనికి టంకం వేసి ఉండాల్సిన నల్ల వైరు ఊడి వేలాడుతోంది. కొక్కెం మీద పూత గీకి, పెద్ద మొన ఉన్న ఐరన్‌తో బాగా వేడి చేసి, టంకం పెడితే అతుక్కుంది. చిన్న ఐరన్‌తో అయితే ఆ లోహం వేడినంతా తాగేస్తుంది, టంకం ఉండలా నిలబడి తర్వాత ఊడిపోతుంది.

మధ్య పికప్ గురించి ఒక సంగతి. స్ట్రాటోకాస్టర్ మొదట్లో, ఏ పికప్ మోగాలో ఎంచుకోవడానికి, మూడు స్థానాల స్విచ్‌తోనే వచ్చింది. వాయించేవాళ్లు స్విచ్‌ని మధ్యలో ఇరికించి రెండేసి పికప్‌లు ఒకేసారి మోగేలా చేసుకునేవారు. ఫెండర్ ఐదు స్థానాల స్విచ్‌ని 1977లో గానీ ఇవ్వలేదు. ఇప్పుడు చాలా గిటార్లలో మధ్య పికప్‌ని తిరగేసి చుట్టి, దాని అయస్కాంతాన్ని కూడా తిప్పి పెడతారు, దాంతో రెండేసి పికప్‌లు కలిసి మోగే రెండు, నాలుగు స్థానాల్లో హోరు దానంతటదే పోతుంది. నా గిటార్‌లో పోలేదు. పికప్‌ల మీద దిక్సూచి పెట్టి చూశాను. మూడూ సూది ఒకే కొననే లాగుతున్నాయి. కాబట్టి ఈ మోడల్‌లో ఆ సౌకర్యం లేదు. గొయ్యి లోపల రాగి రేకు టేప్ అంటించి గ్రౌండ్‌కి కలిపితే కాస్త తగ్గింది. ఇంట్లో డిమ్మర్ లైటు వెలుగుతుంటే ఇప్పటికీ వినపడుతుంది.

పికప్‌ల ఎత్తు మాత్రం తప్పకుండా చూసుకోండి. ఎవరో సౌండ్ ఎక్కువ రావాలని మూడింటినీ తీగలకి తగిలేంత పైకి లేపి పెట్టారు. అయస్కాంతం తీగని లాగుతుంది, పై ఫ్రెట్లలో స్వరం వణుకుతూ రెండు శృతులు పలికినట్టు వినపడుతుంది. తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, పికప్‌కీ తీగకీ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉండేలా దించాను. తమ్ముడు చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది మార్చావా?" అన్నాడు. లేదు, స్క్రూడ్రైవర్ తిప్పానంతే.

వాయించడం గురించి. నెక్ పికప్ మీద, టోన్ పూర్తిగా తెరిచి, ఆంప్ క్లీన్‌గా పెట్టి ఒక్కో తీగా మీటితే ఊహించినదానికన్నా బాగుంది. గుండ్రంగా, కొంచెం గంట మోగినట్టు వస్తుంది. రెండో స్థానంలో ఆ పలచటి, టంగుటంగుమనే స్ట్రాట్ సౌండ్ ఉంది, ఫంక్ రిథమ్‌కి చక్కగా సరిపోతుంది. బ్రిడ్జ్ పికప్ ఒంటరిగా నాకు నచ్చలేదు. చెవిలో గుచ్చుకుంటుంది. స్ట్రాట్ తరహా వైరింగ్‌లో చాలాసార్లు బ్రిడ్జ్ పికప్‌కి టోన్ పాట్ కలిపి ఉండదు, ఇందులోనూ లేదు. వెనకున్న రెండో టోన్ పాట్ నుంచి ఒక చిన్న వైరు లాగి దానికి కలిపాను. ఇప్పుడు టోన్ సగానికి తగ్గిస్తే వినసొంపుగా ఉంది. ఖర్చు చారెడు వైరు.

డిస్టార్షన్ పెట్టినప్పుడు సిరామిక్ పికప్‌ల అసలు గుణం బయటపడుతుంది. బిగుతుగా, కాస్త కరుకుగా ఉంటాయి. పవర్ కార్డులకి (రెండే స్వరాల కార్డులు) బాగుంది, నాలుగు స్వరాలున్న కార్డు పట్టుకుంటే కలగాపులగం. ఆపితే హోరు వినపడుతుంది కాబట్టి వాల్యూమ్ తగ్గించడం అలవాటు చేసుకోవాలి. ఆ వాల్యూమ్ పాట్ కూడా చిత్రమైనది. పది నుంచి మూడు దాకా తిప్పినా పెద్ద తేడా లేదు, మూడు దాటగానే ఢామ్మని పడిపోతుంది. పాట మధ్యలో మెల్లగా సౌండ్ పెంచుకోవాలనుకునేవాళ్లకి ఇది చిరాకే. 250 కిలో ఓమ్‌ల ఆడియో పాట్ (తిప్పినకొద్దీ సౌండ్ సమంగా మారేది) ఒకటి తెచ్చి వేస్తాను, కాకపోతే పిక్‌గార్డ్ రంధ్రాన్ని పెద్ద పాట్‌కి సరిపోయేలా వెడల్పు చేయాలి.

చేతికి మాత్రం ఇది చవక గిటార్‌లా అనిపించదు. ఇదే నాకు ముఖ్యం. ఎఫ్ కార్డ్ బొటనవేలి బలం లేకుండా పడుతోంది. పన్నెండు మీద పూర్తి స్వరం సాగదీసినా స్వరం చావట్లేదు. అరచేయి జారిస్తే ఏదీ గుచ్చుకోవట్లేదు. తమ్ముడు ఒక సాయంత్రమంతా దీన్ని వాయించి, చివరికి తన ఖరీదైన గిటార్ తీసి పక్కపక్కన పెట్టి చూశాడు. వాడి తీర్పు: ఆంప్ ఆపేసి వాయిస్తే కళ్లు మూసుకుని రెండింటి నెక్‌లకీ తేడా చెప్పడం కష్టం, ఆంప్ పెడితే అరనిమిషంలో చెప్పేయొచ్చు. నేను ఒప్పుకుంటాను. తేడా ఉంది. కానీ రోజూ గంట వాయించాలా వద్దా అన్నది తేల్చేది ఆంప్ పెట్టకముందున్న ఆ భాగమే.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం విసుగనుకునేవాళ్లకి వద్దు. వాళ్లు సెటప్ చేయించడానికి ఇచ్చే డబ్బు కలిపితే కాస్త మెరుగైన కొత్త గిటార్ దగ్గరికి వెళ్తుంది. వారం వారం స్టేజీ ఎక్కేవాళ్లకి కూడా వద్దు, ఈ జాక్, ఈ స్విచ్ అంత పని మొయ్యవు. ఆర్మ్ పట్టుకుని తీగల్ని ఊపేసే పాటలు వాయించాలంటే ఇది శృతి నిలబెట్టదు. ఇంట్లో వాయించుకోవడానికి, రికార్డింగ్ నేర్చుకోవడానికి, గిటార్ లోపల ఏముంటుందో భయం లేకుండా తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకు తగల్లేదు. పది మార్కులకి కొన్నరోజు మూడు వేసేదాన్ని, ఇప్పుడు ఏడు.

ఆ మిగిలిన మూడిట్లో ఒకటి ట్యూనర్లది. తిప్పుతుంటే కొంచెం దూరం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. హెడ్‌స్టాక్ ముందుభాగంలో ఉన్న ట్యూనర్ నట్‌లు వదులుగా ఉంటే రెంచితో బిగించి, తీగని కిందినుంచి పైకి లాగుతూ శృతి చేస్తే ప్రస్తుతానికి నిలుస్తోంది. మార్చాలనుకుంటే మాత్రం ఆర్డర్ పెట్టేముందు హెడ్‌స్టాక్ రంధ్రం కొలవండి. మూసి ఉండే కొత్తరకం ట్యూనర్లకి దాదాపు 10 మిల్లీమీటర్లు కావాలి, పాతకాలపు రకానికి అంతకన్నా సన్నం. వెనకాల స్క్రూ రంధ్రాలు కూడా ఒక్కో మోడల్‌కి ఒక్కోచోట ఉంటాయి. పాత రంధ్రాలు సరిపోకపోతే టూత్‌పిక్‌కి చెక్క జిగురు పూసి దూర్చి, ఆరాక సమంగా కోసేసి, కొత్తగా సన్న డ్రిల్ వేసుకోండి.